కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే ఇక్కడివారికి ఇంత పిచ్చి ఎందుకు? కొత్తగా వచ్చినవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను. మీరు గత ఆగస్టులో ఎం.ఎస్. చదువు కోసం అమెరికాలోని నార్త్ కరొలినా రాష్ట్రానికి వచ్చారు. క్రికెట్ తప్ప మరో ఆటను కుదురుగా కూర్చొని చూసింది లేదు. మార్చి రాగానే ల్యాబులో అందరూ బ్రాకెట్ల గురించే మాట్లాడుతున్నారు, మీ గైడు గురువారం మధ్యాహ్నం మీటింగును వాయిదా వేశారు, ఎవరో మీ చేతిలో 64 జట్ల పేర్లున్న కాగితం పెట్టి నింపమన్నారు. ప్రతి ఆటలో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే ఆ కాగితమే బ్రాకెట్. మేటి ఆటగాళ్ళంతా ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ లీగులో ఉండగా, తేలికైన షాట్లు కూడా తప్పే కాలేజీ కుర్రాళ్ళ ఆటకు ఇంత హడావిడి ఎందుకన్నది మీ మొదటి సందేహం. ఆ కాగితాన్ని ఎలా నింపాలన్నది రెండోది.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. "మార్చ్ మ్యాడ్‌నెస్" అని పిలిచే ఈ జాతీయ కాలేజీ టోర్నమెంటును ఇక్కడివారు చూసేది నైపుణ్యం కోసం కాదు. నవంబరు నుంచి ఆడి కూడబెట్టుకున్నదంతా 40 నిమిషాల ఒక్క ఆటలో పోవచ్చు. పైగా ఆడుతున్నది తాము చదువుకున్న కాలేజీ, లేదా తమ ఊళ్ళో ఉన్న కాలేజీ. ఈ రెండూ కలిసిన చోట మనుషులకు నిలకడ ఉండదు. అందుకే నా సలహా ఇది: బ్రాకెట్‌తో మొదలుపెట్టకండి, ఒక జట్టుతో మొదలుపెట్టండి. బ్రాకెట్ నింపడం పది నిమిషాల పని, అది ఎలాగో కింద వివరంగానే చెబుతాను. కానీ కాగితం మీద గీతలు గీసినంత మాత్రాన ఈ ఆట ఒంటబట్టదు.

నేను 2003లో రాలీ నగరంలోని నార్త్ కరొలినా స్టేట్ యూనివర్సిటీలో చదవడానికి వచ్చి, ఆ తరువాత ఈ చుట్టుపక్కలే ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఇరవైకి పైగా బ్రాకెట్లు నింపాను, ఆఫీసు పోటీలో ఒక్కసారి గెలిచాను. బాస్కెట్‌బాల్‌లో శిక్షణ పొందినవాణ్ణి కాను. గుంటూరు జిల్లా పల్లెటూళ్ళో సంక్రాంతికి జరిగే వాలీబాల్ పోటీలు చూస్తూ పెరిగినవాణ్ణి. సున్నంతో గీసిన కోర్టులో మా ఊరి జట్టు పక్క ఊరి మీద ఆడుతుంటే, ఆ ఆరుగురిలో ఒకడు మా ఇంటికి పాలు పోసే ఆయన కొడుకని తెలిసినప్పుడు, టీవీలో దేశం తరఫున ఆడేవారి ఆట దాని ముందు చప్పగా ఉండేది. ఈ దేశపు కాలేజీ ఆటను నేను ఆ దారిలోనే అర్థం చేసుకున్నాను, మీకు కూడా అదే దగ్గరి దారి కావచ్చు.

ముందుగా పోటీ నిర్మాణం గురించి చెప్పాలి. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, దాని మొదటి శ్రేణిలో 350కి పైగా కాలేజీలున్నాయి. ఇవన్నీ కాన్ఫరెన్సులనే ప్రాంతీయ కూటములుగా ఏర్పడి చలికాలమంతా తమలో తాము ఆడుకుంటాయి, మార్చి మొదట్లో ప్రతి కూటమీ తన సొంత నాకౌట్ పోటీ పెట్టుకుంటుంది. అందులో గెలిచినవారికి జాతీయ టోర్నమెంటులో చోటు ఖాయం. మిగిలిన చోట్లను ఒక కమిటీ నింపుతుంది. 2025లో అలా నేరుగా వచ్చినవి 31, కమిటీ ఎంపిక చేసినవి 37. మొత్తం 68 జట్లలో ఎనిమిదింటి మధ్య ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ముందస్తు ఆటలు జరిగి, 64 మిగులుతాయి. ఆ 64ను నాలుగు రీజియన్లుగా విడదీసి, ఒక్కో దానిలో 1 నుంచి 16 వరకు సీడ్లు, అంటే బలాన్ని బట్టి వరుస సంఖ్యలు ఇస్తారు. ఒకటో సీడు పదహారో సీడుతో, రెండోది పదిహేనో దానితో తలపడతాయి. ఓడినవారు ఇంటికి వెళ్ళిపోతారు. ఆరు ఆటలు వరుసగా గెలిచినవారు విజేతలు. మూడు వారాల్లో కథ ముగిసిపోతుంది.

ఇదంతా మొదటి నుంచీ ఇంత పెద్దది కాదు. 1939లో ఎనిమిది జట్లతో మొదలైంది. ఆ ఏడాది ఆరెగాన్ జట్టు ఒహాయో స్టేట్‌ను 46-33తో ఓడించింది. 1975లో 32 జట్లకు, 1985లో 64కు, 2011లో 68కు పెరిగింది. వీటిలో 1975 పెంపు వెనుక మన రాలీ చుట్టుపక్కల వారు ఇప్పటికీ చెప్పుకునే ఒక ఆట ఉంది. అప్పట్లో ఒక కాన్ఫరెన్సు నుంచి విజేత ఒక్కటే జాతీయ పోటీకి వెళ్ళేది. 1974 మార్చిలో గ్రీన్స్‌బరోలో జరిగిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు ఫైనల్లో నార్త్ కరొలినా స్టేట్, మేరీల్యాండ్ తలపడ్డాయి. రెండూ దేశంలోని అగ్రశ్రేణి జట్లు. ఓవర్‌టైముకు, అంటే పాయింట్లు సమమైనప్పుడు ఆడే అదనపు సమయానికి వెళ్ళిన ఆ ఆటను మేరీల్యాండ్ 103-100తో పోగొట్టుకుని ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. గెలిచిన స్టేట్ జట్టు అదే గ్రీన్స్‌బరోలో జాతీయ సెమీఫైనల్లో, వరుసగా ఏడేళ్ళు విజేతగా నిలిచిన యూసీఎల్‌ఏను రెండు ఓవర్‌టైముల తరువాత 80-77తో ఓడించి, చివరికి కప్పు తెచ్చుకుంది. అంత మంచి జట్టుకు చోటు లేకపోవడమేమిటన్న విమర్శ గట్టిగా రావడంతో, మరుసటి ఏడాది నుంచి ఒకే కాన్ఫరెన్సు నుంచి ఒకటికి మించి జట్లను తీసుకోవడం మొదలైంది. మీ చేతిలోని కాగితంలో పెద్ద కాన్ఫరెన్సుల పేర్లు అన్నన్ని కనిపించడానికి మూలం అక్కడుంది.

ఇక చిన్న జట్లు పెద్ద జట్లను ఓడించడం గురించి. ఈ పిచ్చికి సగం ఇంధనం ఇదే. 2018 మార్చిలో షార్లెట్ నగరంలో, మేరీల్యాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ జట్టు, అందరూ యూఎంబీసీ అనేది, పదహారో సీడుగా వచ్చి దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న వర్జీనియాను ఎదుర్కొంది. అంతకు ముందు పురుషుల టోర్నమెంటులో పదహారో సీడు ఒక్కసారి కూడా గెలవలేదు. సగం ఆటకు 21-21. ఆ తరువాతి 20 నిమిషాల్లో జరిగినదాన్ని నేను ఇంట్లో నిలబడి చూశాను, కూర్చోలేకపోయాను, 74-54తో ముగిసింది. ఇరవై పాయింట్ల తేడా! 2023లో న్యూజెర్సీలోని ఫెయిర్లీ డికిన్సన్ అదే పని పర్డ్యూ మీద 63-58తో చేసింది. పర్డ్యూకు 2.24 మీటర్ల పొడవున్న జాక్ ఈడీ ఉన్నాడు. ఫెయిర్లీ డికిన్సన్ దేశం మొత్తంలో సగటు ఎత్తు అందరికంటే తక్కువ ఉన్న జట్టు. 2022లో జెర్సీ సిటీకి చెందిన సెయింట్ పీటర్స్ పదిహేనో సీడుగా వచ్చి కెంటకీని, మరో రెండు జట్లను దాటి చివరి ఎనిమిదింటిలో నిలిచింది. ఈ మూడు పేర్లు మనవాళ్ళు ఎం.ఎస్. దరఖాస్తులు పంపే జాబితాల్లో తరచూ కనిపించేవే. అడ్మిషన్ వచ్చిందని హైదరాబాదులో స్వీట్లు పంచిన కుర్రాడు, తన కాలేజీ పేరు ఒక్క రాత్రిలో దేశమంతా మారుమోగడం చూస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

ఎందుకు ఇలా జరుగుతుందన్నదానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల వరకు ఆడతారు, నాలుగు గెలవాలి. ఏడు ఆటల్లో బలమైన జట్టు బలం బయటపడక తప్పదు. ఒక్క ఆటలో అయితే చిన్న జట్టుకు చెందిన ఇద్దరు కుర్రాళ్ళకు చేయి తిరిగితే చాలు. దూరం నుంచి వేసే బంతికి మూడు పాయింట్లు కాబట్టి, మంచి రోజున అటువంటివి పది పదిహేను పడితే ఎత్తు, బలం, పేరు ఏవీ ఆదుకోవు. 2024లో ఓక్లండ్ జట్టు కెంటకీని 80-76తో ఓడించినప్పుడు జాక్ గోల్కీ అనే ఒక్క ఆటగాడు పది త్రీ పాయింటర్లు వేశాడు. మరో కారణం వయసు. పెద్ద కాలేజీలకు వచ్చే మెరికలు చాలామంది ఒక్క ఏడాది ఆడి ఎన్‌బీఏకు వెళ్ళిపోతారు, అంటే మార్చిలో వారికి 19 ఏళ్ళు. కాలేజీలు మారడం తేలికయ్యేవరకు, చిన్న కాలేజీలో అదే ఐదుగురు మూడు నాలుగేళ్ళు కలిసి ఆడి, 22, 23 ఏళ్ళ వయసుకు వచ్చి ఉండేవారు. ఒకరు ఎక్కడికి పరుగెత్తుతారో మరొకరికి చూడకుండానే తెలిసేది. వారిలో ఎక్కువమంది ఎన్‌బీఏకు వెళ్ళేవారు కారు. ఈ ఓటమితో బంతి వదిలేసి ఉద్యోగం చూసుకునేవారే. కెమెరా బెంచీ మీద తువ్వాలు ముఖానికి కప్పుకున్న కుర్రాణ్ణి చూపించేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇంకొక చిన్న నిబంధన కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే చివరి నిమిషాలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. పురుషుల కాలేజీ ఆటలో సగానికి 20 నిమిషాల చొప్పున రెండు భాగాలుంటాయి. ఒక సగంలో ప్రత్యర్థి ఏడో ఫౌల్ (నిబంధన తప్పి అడ్డుకోవడం) చేసినప్పటి నుంచి మీకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి బంతి వేసే అవకాశం ఇస్తారు. అది పడితేనే రెండోది. తప్పితే బంతి ఎవరికి దొరికితే వారిది. దీన్ని వన్ అండ్ వన్ అంటారు, పదో ఫౌల్ నుంచి రెండూ ఖాయంగా ఇస్తారు. ఎన్‌బీఏలో ఈ పద్ధతి లేదు. వెనుకబడిన జట్టు కావాలని ఫౌల్ చేస్తూ, ఎదుటివాడి చేయి వణుకుతుందేమోనని ఆశపడుతూ ఉంటుంది. కొత్తవారికి ఇది సాగదీతలా కనిపిస్తుంది. నాకు కూడా మొదటి రెండేళ్ళు అలాగే కనిపించింది. 2024 మార్చి తరువాత నేను ఆ మాట అనలేదు.

ఆ మార్చి గురించి చెప్పేముందు, స్టేట్ అభిమానులంటే ఎవరో చెప్పాలి. ఇక్కడ రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ మూడు ఊళ్ళు అరగంట ప్రయాణంలో ఉన్నాయి, మూడింటిలో మూడు పెద్ద జట్లు: స్టేట్, డ్యూక్, నార్త్ కరొలినా. తరువాతి రెండింటికి దేశమంతా అభిమానులున్నారు, కప్పులకు కొదవ లేదు. స్టేట్ చివరిసారి కప్పు గెలిచింది 1983లో. జిమ్ వల్వానో కోచ్‌గా పది ఆటలు ఓడిన జట్టు, తరువాత ఎన్‌బీఏలో పేరు తెచ్చుకున్న ఒలాజువాన్, డ్రెక్స్‌లర్ ఉన్న హ్యూస్టన్‌ను ఫైనల్లో 54-52తో ఓడించింది. ఆఖరి క్షణంలో దూరం నుంచి వేసిన బంతి రింగుకు అందకుండా పడిపోతుంటే లొరెంజో చార్ల్స్ గాల్లోనే పట్టి వలలోకి దించేశాడు. కౌగిలించుకోవడానికి మనిషి కోసం వెతుక్కుంటూ వల్వానో కోర్టులో అటూ ఇటూ పరుగెత్తిన దృశ్యాన్ని ప్రతి మార్చిలో టీవీలో చూపిస్తారు. గెలిచినవారు నిచ్చెన ఎక్కి వల కత్తిరించుకునే ఆచారాన్ని 1940లలో ఈ ప్రాంతానికి తెచ్చింది కూడా స్టేట్ కోచ్ ఎవరెట్ కేసే. అంతటి చరిత్ర ఉన్న జట్టు, నేను వచ్చిన తరువాత, నోటి దాకా వచ్చిన కూడును నేలపాలు చేసుకోవడంలో ఆరితేరింది. 2014లో సెయింట్ లూయిస్ మీద రెండంకెల ఆధిక్యంలో ఉండి, ఫ్రీ త్రోలు ఒకదాని తరువాత ఒకటి తప్పి, ఓవర్‌టైములో 83-80తో ఓడిపోయింది. ఆ రాత్రి నేను భోజనం చేయలేదు.

మరుసటి ఏడాది, 2015 మార్చి 21, శనివారం. మన్మథ నామ సంవత్సర ఉగాది. మా తెలుగువారి ఉగాది సంబరాల రోజే ఎనిమిదో సీడు స్టేట్, ఒకటో సీడు విల్లనోవాతో ఆడింది. వేదిక మీద పిల్లలు కూచిపూడి చేస్తుంటే, వెనుక వరుసలో మేము ఏడెనిమిది మందిమి ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నాము. స్టేట్ 71-68తో గెలిచింది. మేము ఒక్కసారి అరిచేసరికి, తమ పాప నాట్యానికే అరిచామనుకుని ఒక తల్లిగారు వెనక్కి తిరిగి నమస్కారం చేశారు. పంచాంగం చదివిన పెద్దాయన ఆ ఏడాది రాశుల వారీగా రాజపూజ్యం, అవమానం చెప్పారు గానీ, విల్లనోవా ఏ రాశిలో పుట్టిందో చెప్పలేదు.

ఇక 2024. లీగు దశలో చివరి నాలుగు ఆటలూ ఓడి, 17 గెలుపులు, 14 ఓటములతో కాన్ఫరెన్సు పోటీకి వెళ్ళిన జట్టు అది. కోచ్‌ను తీసేస్తారని అందరూ అనుకుంటున్నారు. జాతీయ టోర్నమెంటులోకి రావాలంటే ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలవాలి, వేరే దారి లేదు. లూయివిల్, సిరక్యూస్, డ్యూక్ జట్లను దాటారు. శుక్రవారం రాత్రి సెమీఫైనల్లో వర్జీనియా మూడు పాయింట్ల ముందంజలో ఉంది, ఐదారు సెకన్లు మిగిలాయి, ఫ్రీ త్రో వారిదే. పొద్దు పోయింది, ఇక అయిపోయిందని నేను లేచి పడకగదిలోకి వెళ్ళిపోయాను. పైన చెప్పిన వన్ అండ్ వన్‌లో మొదటిది తప్పింది. మైకెల్ ఓకానెల్ బంతి తీసుకుని పరుగెత్తి, గంట మోగేలోపు దూరం నుంచి విసిరాడు, అది బోర్డుకు తగిలి లోపల పడింది. నేను చూడలేదు. హాల్లో మా అమ్మాయి వేసిన కేక విని, ఏ పామో వచ్చిందనుకుని పరుగెత్తుకొచ్చాను. ఓవర్‌టైములో 73-65. మర్నాడు నార్త్ కరొలినాను 84-76తో ఓడించి, 1987 తరువాత మొదటిసారి కాన్ఫరెన్సు కప్పు తెచ్చారు.

తరువాత పదకొండో సీడుగా జాతీయ పోటీలోకి వెళ్ళి టెక్సస్ టెక్, ఓక్లండ్, మార్క్వెట్, ఆపైన మళ్ళీ డ్యూక్‌ను 76-64తో ఓడించి, 1983 తరువాత మొదటిసారి చివరి నాలుగింటిలోకి చేరారు. డి.జె. బర్న్స్ అనే భారీకాయుడు ఎడమచేత్తో, పెళ్ళి భోజనంలో వడ్డన చేస్తున్నంత తాపీగా, బంతిని రింగులో వేసేవాడు. అతని ఆట చూసి మా అమ్మ కూడా వీడియో కాల్‌లో "ఆ లావుపాటి అబ్బాయి ఇవాళ ఉన్నాడా" అని అడిగేది. పర్డ్యూ 63-50తో ఆ ప్రయాణాన్ని ఆపింది. అదే ఏడాది స్టేట్ మహిళల జట్టు కూడా చివరి నాలుగింటిలో ఆడింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఏడాది నా బ్రాకెట్‌లో స్టేట్ మొదటి ఆటలోనే టెక్సస్ టెక్ చేతిలో ఓడిపోతుందని రాశాను. ఆఫీసు పోటీలో అడుగు నుంచి మూడో స్థానంలో నిలిచాను. ఇన్నేళ్ళలో నేను అంత సంతోషంగా గడిపిన మార్చి మరొకటి లేదు. నేను ఆఫీసు పోటీ గెలిచింది 2017లో. విజేతగా నార్త్ కరొలినాను రాశాను, వారు గొంజాగాను 71-65తో ఓడించారు. స్టేట్ వాడినై ఉండి పగవాడి పేరు రాసి గెలిచిన ఆ డబ్బుతో అందరికీ సమోసాలు తెప్పించాను, నాకు మాత్రం సహించలేదు.

అయినా కాగితం నింపక తప్పదు కాబట్టి, దాని కిటుకులు చెబుతాను. 63 ఆటలను బొమ్మా బొరుసూ వేసి నింపితే అన్నీ సరిపోయే అవకాశం, 92 కోట్ల కోట్ల పైన ఉన్న అంకెను మరో వెయ్యితో గుణిస్తే వచ్చేంత పెద్ద సంఖ్యలో ఒక వంతు; అంటే రెండును 63 సార్లు గుణించగా వచ్చేదానిలో ఒక వంతు. ఆట తెలిసినవారికి అంతకంటే ఎన్నో రెట్లు మేలు, అయినా అన్నీ సరిగా చెప్పినవారెవరూ ఇంతవరకు బయటపడలేదు. 2019లో ఒహాయోకు చెందిన ఒకాయన మొదటి 49 ఆటలు వరుసగా సరిగా చెప్పగలగడమే పెద్ద వార్త అయింది. అందుచేత పరిపూర్ణత మాట మరిచిపోయి, పక్క కుర్చీవాడికంటే నాలుగు పాయింట్లు ఎక్కువ తెచ్చుకోవడం ఎలాగో చూడండి.

చాలా ఆఫీసు పోటీల్లో మొదటి రౌండులో సరైన జవాబుకు ఒక పాయింటు, తరువాత రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, చివరగా విజేతకు 32. అంటే ఒక్క విజేతను సరిగా చెప్పడం, మొదటి రౌండులోని 32 ఆటలన్నీ సరిగా చెప్పడంతో సమానం. కొత్తవారు దీనికి తలకిందులుగా చేస్తారు: మొదటి రౌండులో ఏ చిన్న జట్టు సంచలనం చేస్తుందోనని రెండు రాత్రులు తలపట్టుకుని, విజేతను మాత్రం పేరు బాగుందని రాసేస్తారు. విజేత దగ్గర మొదలుపెట్టి వెనక్కి నింపుకుంటూ రండి. 64 జట్లు మొదలైన 1985 నుంచి 2025 వరకు జరిగిన 40 టోర్నమెంటుల్లో 26 సార్లు ఒకటో సీడే గెలిచింది. నాలుగుకు దిగువ సీడు గెలిచింది మూడే సార్లు: 1985లో ఎనిమిదో సీడు విల్లనోవా, 1988లో ఆరో సీడు కాన్సస్, 2014లో ఏడో సీడు కనెక్టికట్. విజేత దగ్గర సాహసం చేయకండి. అలాగని నలుగురు ఒకటో సీడ్లనూ చివరి నాలుగులో పెట్టకండి. అలా జరిగింది 2008లో, 2025లో మాత్రమే.

మొదటి రౌండుకు వస్తే, ఒకటో సీడు ఆ 40 ఏళ్ళ 160 ఆటల్లో రెండే ఓడింది, రెండో సీడు 11 ఓడింది. వాటిని ముట్టుకోకండి. సరదా అంతా ఐదో సీడు, పన్నెండో సీడు ఆటల్లో ఉంది. దాదాపు మూడింట ఒక వంతు సార్లు పన్నెండే గెలిచింది. నాలుగింటిలో ఒకటి ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు పెద్దవయసు ఆటగాళ్ళున్న, ఫ్రీ త్రోలు బాగా వేసే, బంతిని ప్రత్యర్థికి అప్పగించని జట్టును చూడండి. ఇరవైమంది లోపు పోటీలో అందరూ రాసే విజేతనే రాసినా ఫర్వాలేదు. వందమంది ఉంటే మాత్రం, అందరి నోటా ఉన్న ఒకటో సీడును వదిలి, మరో ఒకటో సీడునో రెండో సీడునో రాస్తేనే గెలిచే వీలుంటుంది, ఎందుకంటే అందరూ రాసింది నిజమైనా ఆ 32 పాయింట్లు అందరికీ వస్తాయి.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి. ఈ రాష్ట్రంలో 2024 మార్చి నుంచి ఫోనులో క్రీడా పందేలు చట్టబద్ధమయ్యాయి, ఈ మూడు వారాలూ ప్రకటనలు ఊపిరాడనివ్వవు. ఆఫీసులో ఐదు డాలర్ల సరదా వేరు, ఫోనులో ప్రతి ఫ్రీ త్రో మీద పందెం కట్టడం వేరు. ఫీజులకు అప్పు తెచ్చుకుని చదువుతున్నవారు రెండోదాని జోలికి వెళ్ళవద్దు. పందెం పోయిందని 20 ఏళ్ళ కుర్రాళ్ళకు, అమ్మాయిలకు బూతు సందేశాలు పంపేవారు పెరిగిపోయారు; అటువంటివారి పక్కన కూర్చుని ఆట చూడడం కూడా నాకు ఇష్టం ఉండదు. మరో సంగతి: 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకోవచ్చు, కాలేజీలు మారడం కూడా తేలికైంది. వారి చెమట మీద టీవీ సంస్థలు ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లిస్తుండగా ఆటగాడికి చదువు ఖర్చు తప్ప ఏమీ దక్కని రోజులు పోవడం న్యాయమే. కాకపోతే ఏటా జట్టు సగానికి పైగా మారిపోతోంది, నవంబరులో పేర్లన్నీ మళ్ళీ నేర్చుకోవాలి. పాతకాలపు అభిమానులు దీనిమీద గంటలు గంటలు వాపోతారు, వినండి, వాదించకండి.

మహిళల టోర్నమెంటును దయచేసి వదిలేయకండి. ఎన్‌సీఏఏ దాన్ని 1982 నుంచి నడుపుతోంది, అయినా "మార్చ్ మ్యాడ్‌నెస్" అన్న పేరును వారికి కూడా వాడనిచ్చింది 2022 నుంచే. 2024లో కెయిట్లిన్ క్లార్క్ ఆడిన అయోవా, సౌత్ కరొలినా మధ్య ఫైనల్‌ను ఒక కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు, అది ఆ ఏడాది పురుషుల ఫైనల్‌కంటే ఎక్కువ. పదహారో సీడు ఒకటో సీడును ఓడించడం కూడా మహిళల్లోనే ముందు జరిగింది. 1998లో స్టాన్‌ఫర్డ్ మీద హార్వర్డ్ 71-67తో గెలిచింది. విద్యార్థులకు ఇందులో ఒక లాభం ఉంది: మహిళల పోటీలో మొదటి రెండు రౌండులు మేటి సీడ్ల సొంత కోర్టుల్లోనే జరుగుతాయి, టిక్కెట్లు పురుషుల ఆటలకంటే ఎంతో చవక. రాలీలో ఆటలు పెట్టిన ఏడాది అయితే, పాత రెనాల్డ్స్ కొలీసియంలో కూర్చుని చూడండి. 1949లో తెరిచిన ఆ భవనంలో కేక పైకప్పుకు తగిలి తిరిగి మీ మీదే పడుతుంది.

జట్టును ఎంచుకోవడం ఎలాగంటారా, మీరు చదువుతున్న కాలేజీ జట్టే మీది. అది 68లో లేకపోతే మీ గైడు చదివిన కాలేజీని తీసుకోండి, సోమవారం ఉదయం మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. ఒక్క ఏడాది ఆ జట్టు ఆటలు ఐదారు చూడండి. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ళ పేర్లు, వారు ఏ చేత్తో వేస్తారో, ఎవరు ఫ్రీ త్రో గీత దగ్గర భయపడతారో తెలిస్తే చాలు. తొలి గురు, శుక్రవారాల్లో మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి వరకు రోజుకు 16 ఆటలు నాలుగు చానెళ్ళలో వస్తాయి. అన్నీ చూడాలని కూర్చోకండి. మీ జట్టు ఆట పూర్తిగా చూసి, మిగిలినవాటిలో చివరి ఐదు నిమిషాలకు వచ్చి, తేడా ఐదు పాయింట్ల లోపు ఉన్నదానికి మారుతూ ఉండండి.

చివరగా ఒక పనికొచ్చే వివరం: జట్ల పేర్లు ఆదివారం సాయంత్రం ప్రకటిస్తారు, మీ కాగితాన్ని గురువారం మధ్యాహ్నం మొదటి ఆట మొదలయ్యేలోపు ఇచ్చేయాలి. మంగళ, బుధవారాల్లో డేటన్‌లో జరిగే ఆటలు చాలా పోటీల్లో లెక్కలోకి రావు, కాబట్టి అవి అయ్యేవరకు ఆగి నింపినా తప్పు లేదు.